మర్వాన్ ప్రదర్శనల పట్టిక: దమాస్కస్‌కీ బెర్లిన్‌కీ మధ్య 'వంతెన' అనొచ్చా?

సిరాబుడ్డి

మర్వాన్ ఖస్సాబ్ బాషీ మీద ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. 1934లో దమాస్కస్‌లో పుట్టి, 1957లో పశ్చిమ బెర్లిన్ చేరి, 2016లో అక్కడే పోయిన చిత్రకారుడు. వ్యాసం చివర ప్రదర్శనల పట్టిక ఇవ్వాలి. చిక్కంతా అక్కడే. జర్మన్, ఫ్రెంచ్, అరబిక్ కేటలాగుల్లోని జాబితాలు పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పొసగడం లేదు.

1. ఒకే ప్రదర్శన ఒక జాబితాలో ఒక ఏడాది, ఇంకో జాబితాలో మరుసటి ఏడాది.
2. ఒకే కాన్వాసు కొలత ఒకచోట 195 × 130, మరోచోట 130 × 195. బొమ్మ పేరేమో 'తల'. నిలువు బొమ్మా అడ్డం బొమ్మా తేలట్లేదు.
3. పేరు కనీసం నాలుగు రకాలుగా ఉంది. ఒక్కోచోట ఉత్త 'మర్వాన్'.

ఇంకో సందేహం. ఆయన గురించి ఎవరు రాసినా 'అరబ్బు ప్రపంచానికీ యూరప్‌కీ వంతెన' అంటారు. నేనూ అదే అనేస్తే సరిపోతుందా? పట్టిక చూస్తే దమాస్కస్, బెర్లిన్, పారిస్, అమ్మాన్ అని ఊళ్ల పేర్లయితే ఉన్నాయి.

పాతచిట్టా

ముందు ఏడాది తేడా సంగతి. ఆ ప్రదర్శన మొదలైంది చలికాలంలోనా? అయితే కారణం దాదాపు ఖాయంగా నెలపేరే.

సిరియా, లెబనాన్, జోర్డాన్, ఇరాక్ దేశాల్లో నెలలకి సురియానీ అనే పాత భాషలోని పేర్లు వాడతారు. అక్కడ 'కానూన్' అనే పేరుతో రెండు నెలలున్నాయి. కానూన్ అల్ అవ్వల్, అంటే మొదటి కానూన్, డిసెంబరు. కానూన్ అత్ థానీ, అంటే రెండో కానూన్, జనవరి. ఆహ్వానపత్రం నుంచి ఎత్తి రాసినవాళ్లు 'మొదటి', 'రెండో' అన్న మాట వదిలేస్తే నెల మాత్రమే కాదు, ఏడాదే మారిపోతుంది. తిష్రీన్ కూడా రెండే (అక్టోబరు, నవంబరు), కానీ అక్కడ పొరపాటు జరిగితే ఒక నెలతో పోతుంది. కైరోలో అచ్చయిన వాటిలో ఈ గొడవ లేదు, వాళ్లు యూరప్ పేర్లనే అరబిక్‌లో రాసుకుంటారు.

రెండో కారణం అంకెలు. దమాస్కస్, బాగ్దాద్ వైపు వాడే అంకెల్లో అయిదు చిన్న సున్నాలా ఉంటుంది. అసలు సున్నా ఒక చుక్క. ఆరు మనకి తెలిసిన 7లా కనిపిస్తుంది. కాన్వాసు మూలన కుంచెతో వేసిన 65 అన్న సంతకపు తేదీని అలవాటు లేని కన్ను 70 అని చదివేస్తుంది. అయిదేళ్లు పోయినట్టే. చేతిరాతలో రెండూ మూడూ కూడా కవలపిల్లల్లా ఉంటాయి. అందుకని ఫొటోలో తేదీ చూసి రాసుకోకండి. వెనకవైపు చట్రం మీద వేరే లిపిలో తేదీ ఉందేమో అడగండి. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో మనం వాడే అంకెలే కాబట్టి అక్కడి చిత్రకారులతో ఈ బాధ లేదు.

మూడోది చిన్నది. జర్మన్ జాబితాల్లో కొందరు ప్రారంభోత్సవం జరిగిన సాయంత్రాన్ని మొదటి రోజుగా లెక్కేస్తారు, కొందరు జనాన్ని రానిచ్చిన మర్నాటి నుంచి లెక్కేస్తారు. ఒక్క రోజు తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

ఇక పేరు. ఇంటిపేరు అరబిక్‌లో ఒక్కటే, ఖస్సాబ్ బాషీ. లాటిన్ లిపిలోకి వచ్చేసరికి 'ష' శబ్దాన్ని ఫ్రెంచివాళ్లు ఒకలా, ఇంగ్లీషువాళ్లు ఒకలా, జర్మన్లు మూడు అక్షరాలతో ఇంకోలా రాస్తారు. మొదటి 'ఖ' కొందరికి 'కె', కొందరికి 'క్యూ'. సిరియా ఫ్రెంచి పాలన కింద ఉండి వచ్చింది కాబట్టి అక్కడి పాత కాగితాల్లో ఫ్రెంచి వర్ణక్రమమే ఎక్కువ. చాలా యూరప్ మ్యూజియంల డేటాబేసుల్లో ఆయన ఒక్క పేరుతోనే, 'మర్వాన్' అనే, ఎక్కాడు. ఇంటిపేరుతో వెతికితే సగం దొరకవు. ఒక్క పేరుతో వెతికితే వేరే మర్వాన్లు కూడా వచ్చిపడతారు. పుట్టిన ఏడు 1934 కలిపి వెతకండి.

పట్టిక ఎలా కట్టాలంటే: ప్రతి వరసలో ఆరు గళ్లు పెట్టుకోండి. మొదలు, ముగింపు, ఊరు, సంస్థ, సోలోనా (ఒక్కరిదే) గ్రూపా, కేటలాగు ఉందా. జర్మన్ జాబితాల్లో వరస చివర బ్రాకెట్లో ఒంటరిగా 'కె' అక్షరం ఉంటే కేటలాగు అచ్చయిందని అర్థం. ఆ వరసల్ని ముందు నింపండి, ఎందుకంటే తర్వాతి జాబితాలన్నీ ముందువాటిని చూసి రాసినవే. నాలుగు జాబితాల్లో ఉందంటే నలుగురు సాక్షులున్నట్టు కాదు. ఒక్కడే తప్పు రాసి, ముగ్గురు దాన్ని ఎత్తి రాసి ఉండొచ్చు. ఆహ్వానపత్రం, పోస్టరు, ఆ వారం దినపత్రిక: ఈ మూడిట్లో ఒక్కటైనా దొరికితేనే ఆ వరసకి టిక్కు పెట్టండి.

ఎడమకుడి

195 × 130 సంగతి నేను చెబుతాను. ఇది చిత్రకళ సమస్య కాదు, అక్షరాల కూర్పు సమస్య.

యూరప్ మ్యూజియంల వాడుక ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. అంటే 195 × 130 నిలువు బొమ్మ. దీన్ని అరబిక్ పేరాలో పెట్టారనుకోండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. ఒక్కో సంఖ్య లోపల అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. మధ్యలో ఉన్న × గుర్తుకి సొంత దిక్కు లేదు, చుట్టూ ఉన్న వాక్యం ఎటు నడిస్తే అటే. కాబట్టి కంప్యూటరు 195ని కుడివైపు, 130ని ఎడమవైపు పెడుతుంది. అరబిక్ పాఠకుడు కుడి నుంచి చదువుతాడు కాబట్టి అతనికి 195 ముందొచ్చింది, అతని లెక్క సరిగ్గానే ఉంది. పక్కనే కూర్చున్న యూరప్ డిజైనరుకి అది 130 × 195లా కనబడుతుంది. 'తప్పు పడింది' అని చేత్తో తిప్పేస్తాడు. అప్పుడు నిజంగానే తప్పవుతుంది. తర్వాత ఆ అరబిక్ కేటలాగు నుంచి ఇంకొకడు ఇంగ్లీషులోకి ఎక్కించుకుంటే నిలువు తల కాస్తా అడ్డం తల అవుతుంది.

1975–1976 లాంటి ఏళ్ల జంటలకీ ఇదే గతి. అచ్చులో 1976–1975 అని కనిపిస్తే నవ్వుకోకండి, కుడి నుంచి చదవండి.

మర్వాన్ విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆయన రెండు రకాలూ వేశాడు. 1970ల మొదట్లో వేసిన 'ముఖ దృశ్యాలు' చాలావరకు అడ్డం కాన్వాసులు. ముఖాన్ని కొండలూ లోయలూ ఉన్న నేలలా సాగదీసి పరిచాడు. తర్వాతి దశాబ్దాల తలలు ఎక్కువగా నిలువు. కాబట్టి పేరునిబట్టి ఊహించడం కుదరదు. బొమ్మ అచ్చుని స్కేలుతో కొలవండి. పొడవాటి వైపుని పొట్టివైపుతో భాగిస్తే 195, 130 కాన్వాసుకి సరిగ్గా 1.5 రావాలి. 162, 130 అయితే 1.25 దగ్గర, 162, 114 అయితే 1.42. ఇవన్నీ ఫ్రెంచి దుకాణాల్లో నంబర్లేసి అమ్మే రెడీమేడ్ కొలతలు, వరసగా 120, 100, 100 నంబర్లు. ఒకే 100 నంబరుకి రెండు వెడల్పులేంటి అంటారా? ఒకటి మనిషి బొమ్మకి, ఇంకోటి ప్రకృతి దృశ్యానికి. నిష్పత్తి తేలితే ఏ అంకె తప్పో తేలిపోతుంది.

మీ వ్యాసం రెండు భాషల్లో గానీ వస్తుంటే ఇంకో నాలుగు ముక్కలు. అరబిక్ అక్షరాల పొట్ట చిన్నది, లాటిన్ పక్కన అదే పాయింటు సైజులో పెడితే గుసగుసలాడుతున్నట్టుంటుంది. పదిహేను, ఇరవై శాతం పెంచి, వరసల మధ్య జాగా కూడా పెంచాలి. అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకూడదు. అవి కలిపిరాత అక్షరాలు, విడదీస్తే మాట చచ్చిపోతుంది. వాలు అక్షరాలు ఆ లిపి సంప్రదాయంలో లేవు. బొమ్మ పేరుని వేరు చేసి చూపించాలంటే కొటేషన్ గుర్తులో, కాస్త మందపాటి అక్షరాలో వాడాలి.

కేటలాగుని రెండువైపులా అట్టలు పెట్టి, అరబిక్ ఒకవైపు నుంచి, జర్మనో ఇంగ్లీషో ఇంకోవైపు నుంచి మొదలుపెట్టి బొమ్మలు మధ్యలో కలిసేలా చేస్తారు చూడండి, అది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చిక్కల్లా బొమ్మల వరసతో. కాలక్రమంలో పేర్చిన బొమ్మలు ఒకవైపు నుంచి వచ్చే పాఠకుడికి 1962 నుంచి మొదలై ముందుకెళ్తాయి, ఇంకోవైపు నుంచి వచ్చేవాడికి చివరి తలతో మొదలై వెనక్కి నడుస్తాయి. గోడ మీదా ఇదే జరుగుతుంది. గదిలో అడుగుపెట్టగానే మనిషి ఎటు తిరుగుతాడన్నది అతను ఏ వైపు నుంచి చదవడం నేర్చుకున్నాడన్నదాన్ని బట్టి మారొచ్చు. అందుకే కాలక్రమంలో వేలాడదీసే ప్రదర్శనకి నేల మీద బాణంగుర్తో, ఒకే దారి ఉండే గోడలో పెట్టక తప్పదు.

కుంచెపుల్ల

'వంతెన' గురించి. ఆ మాట అబద్ధం కాదు గానీ, వాడితే వ్యాసం అక్కడితో ఆగిపోతుంది. వంతెన అంటే అటూ ఇటూ రాకపోకలు ఒకేలా ఉండాలి. మర్వాన్ జీవితంలో అలా లేవు.

వరసగా చూడండి. దమాస్కస్ విశ్వవిద్యాలయంలో అరబిక్ సాహిత్యం చదివాడు. 1957లో పశ్చిమ బెర్లిన్ వెళ్లి అక్కడి లలిత కళల కళాశాలలో హాన్ ట్రియెర్ తరగతిలో చేరాడు. 1963 దాకా అక్కడే చదువు. చిత్రకారులు గేఆర్గ్ బాజెలిట్స్, ఒయిగెన్ షోనెబెక్ అదే కళాశాలలో, అదే కాలంలో నేర్చుకున్నవాళ్లు. ట్రియెర్ నేర్పింది నైరూప్య చిత్రణ, చెయ్యి ఊపుతో వేసే రకం. ఈ ముగ్గురూ దాన్ని వదిలి మనిషి బొమ్మవైపు తిరిగారు. అంటే మర్వాన్ 1960ల బొమ్మలకి పక్కింటివాళ్లు బెర్లిన్‌లోనే ఉన్నారు. 1966లో కార్ల్ హోఫర్ బహుమతి, 1980 నుంచి 2002 దాకా అదే కళాశాలలో ఆచార్యుడు, 1994లో బెర్లిన్ కళల అకాడమీ సభ్యత్వం. ఇదంతా పూర్తిగా జర్మన్ చిత్రకారుడి జీవితం.

అరబ్బు ప్రపంచం ఆ తొలి కాన్వాసుల లోపల ఉంది. 1965లో వేసిన మునీఫ్ అల్ రజ్జాజ్ బొమ్మ చూడండి. ఆయన అరబ్బు జాతీయవాద పార్టీ అయిన బాత్ పార్టీ నాయకుడు. అదే ఏడు ఇరాకీ కవి బద్ర్ షాకిర్ అస్ సయ్యాబ్ బొమ్మ. సయ్యాబ్ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ బొమ్మల్లో తల ఒంటికి మించి పెద్దది, చేతులు ఏం చేయాలో తోచనట్టు ఉంటాయి, వెనక జాగా ఖాళీ. బెర్లిన్ ప్రేక్షకుడికి అది 'ఎవరో ఒక మనిషి'. దమాస్కస్ నుంచి వచ్చినవాడికి అది వార్తల్లో మనిషి. ఒకే గోడ మీద ఒకే బొమ్మ రెండు బొమ్మలుగా ఉంది. మీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడ అనుకుంటాను.

ఇప్పుడు రాకపోకల లెక్క. మీ పట్టికలో ఇంకో గడి పెట్టండి: ఏ బొమ్మలు వెళ్లాయి? అరబ్బు నగరాల్లో జనం ఎక్కువగా చూసింది ఆయన తలలు, కాగితం మీద పనులు, ఎచింగులు (లోహపు రేకు మీద గీసి తీసే ప్రింట్లు). 2005లో దమాస్కస్ పాతబస్తీలోని ఖాన్ అసద్ పాషాలో పెద్ద ప్రదర్శన జరిగింది. 18వ శతాబ్దపు సరాయి అది, నల్లరాయి తెల్లరాయి వరసలు, పైన గుమ్మటాలు. అప్పటికి ఆయనకి 71 ఏళ్లు. యూరప్‌లో మలిదశ ఆసక్తి దీనికి పూర్తిగా ఎదురు దిక్కున మొదలైంది. 2014లో పోర్చుగల్‌లో, పోర్తోలోని సెరల్వెస్ మ్యూజియం పెట్టింది తొలినాటి పనులు, 1962–1972. లండన్‌లో ఆయన తొలి సోలో 2015లో, మొజాయిక్ రూమ్స్ గ్యాలరీలో. అరవై ఏళ్లకి దగ్గరగా యూరప్‌లో బతికిన మనిషికి లండన్ సోలో ఎనభై దాటాక వచ్చింది! అరబ్బు ప్రేక్షకుడికి తెలిసిన మర్వాన్ ఒకడు, కొత్తతరం యూరప్ క్యురేటర్లకి (ప్రదర్శనలు కూర్చేవాళ్లకి) దొరికిన మర్వాన్ ఇంకొకడు. పట్టికలో ఊళ్ల పేర్లు మాత్రమే చూస్తే ఇది కనబడదు.

దమాస్కస్ వైపు వెళ్లే దారిలో ప్రదర్శనలకన్నా గట్టిది పాఠం. 1999 నుంచి 2003 దాకా అమ్మాన్‌లోని దారత్ అల్ ఫునూన్ కళాకేంద్రంలో వేసవి అకాడమీ నడిపాడు. సిరియా, జోర్డాన్, లెబనాన్, పాలస్తీనా నుంచి కుర్ర చిత్రకారులు వచ్చారు. బెర్లిన్ తరగతి పద్ధతి, అంటే ఒక గురువు, ఒక గది, రోజూ పని, దాని మీద అందరి ముందూ మాట, ఆ నాలుగైదు వేసవుల్లో అక్కడికి చేరింది. ప్రదర్శనల పట్టికలో దీనికి చోటుండదు. మీరు కల్పించండి.

ఒక్క ముక్క పోలికకి. అల్జీరియా చిత్రకారిణి బాయా 1947 నవంబరులో పారిస్ మెగ్ గ్యాలరీలో తొలి సోలో పెట్టేనాటికి ఆమెకి పదహారు కూడా నిండలేదు. కేటలాగులో సర్రియలిస్టు కవి ఆంద్రె బ్రెతోఁ రాశాడు. అంటే అల్జీరియా పిల్ల యూరప్‌లో ముందే కథ అయిపోయింది, ఆ కథ రాసింది వేరేవాళ్లు. ఇరాకీ చిత్రకారుడు దియా అజ్జావీ ఇంకో రకం. బాగ్దాద్‌లో పురావస్తుశాస్త్రం చదివి, అక్కడే పేరు తెచ్చుకుని, 1976లో లండన్ చేరాడు. బీరూట్‌లో సబ్రా, షతీలా ఊచకోత మీద 1982–83లో వేసిన బొమ్మ, కాగితం మీద సిరా, మైనపు రంగు బలపాలతో ఏడున్నర మీటర్ల వెడల్పున, ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. ఒకరిని యూరప్ ముందు కనిపెట్టింది, ఒకరు తయారై వచ్చారు, మర్వాన్ యూరప్‌లోనే తయారయ్యాడు. ముగ్గురికీ 'వంతెన' అనే మాటే వాడితే ఇంక చెప్పడానికేముంది?

సిరాబుడ్డి

కానూన్ సంగతి చూసి జాబితా మళ్లీ తెరిచాను. జనవరి ప్రదర్శనే, డిసెంబరుగా పడింది. నిష్పత్తి లెక్క కూడా వేశాను, 1.5, బొమ్మ నిలువే.

కుంచెపుల్ల గారూ, 'ఏ బొమ్మలు వెళ్లాయి' అన్న గడి నింపుతుంటే మీరన్నదే కనిపిస్తోంది. పెద్ద కాన్వాసులు అరబ్బు నగరాలకి తక్కువ వెళ్లాయి, కాగితం పనులు ఎక్కువ. దీన్ని ఆసక్తి లేకపోవడంగా రాయొచ్చా? లేక వేరే కారణాలున్నాయా?

గోడమేకు

తొందరపడి అలా రాయకండి. సగం కారణం విమానం తలుపు.

ప్రయాణికుల విమానం కింద సామాన్ల అరలోకి వెళ్లే పెట్టె ఎత్తు సుమారు 160 సెం.మీ. దాటకూడదు. కాన్వాసుని పడుకోబెట్టి పంపరు. పడుకున్న కాన్వాసు ప్రయాణమంతా డప్పు చర్మంలా కొట్టుకుంటుంది, మందంగా పెట్టిన రంగు చిట్లుతుంది. నిలబెట్టే పంపాలి. ఇప్పుడు 195 × 130 బొమ్మని పొడవాటి వైపు కింద ఉండేలా నిలబెట్టారనుకోండి. ఎత్తు 130. అంచు పట్టీలకి నాలుగైదు, పైనా కిందా నురుగు అయిదేసి, లోపలి బయటి పలకలకి నాలుగైదు, కింద ఫోర్కులిఫ్టు దూరడానికి పది. మొత్తం 160 దగ్గరికి వచ్చేసింది. గీత మీద ఉంది. 195 × 260 ముఖ దృశ్యానికైతే ఏ వైపు తిప్పినా 195 ఎత్తు తప్పదు. అంటే సరుకు విమానమే, అది వారంలో అన్ని రోజులూ, అన్ని ఊళ్లకీ ఉండదు. ఒక్క పెద్ద బొమ్మ మొత్తం రవాణా ఖర్చుని మార్చేస్తుంది. కాగితం పనులు, ఎచింగులు అయితే నలభై, యాభై కలిపి ఒక్క పెట్టెలో పడతాయి.

చట్రం నుంచి విప్పి చుట్టి పంపొచ్చుగా అని అడుగుతారు. పలచటి రంగుకి కుదురుతుంది: లావుపాటి గొట్టం, రంగు వైపు బయటికి. మర్వాన్ తలలకి కుదరదు. రంగు మీద రంగు, మళ్లీ మీద రంగు. పాత నూనెరంగు వంగదు, పగులుతుంది.

కాగితానికి వేరే లెక్క. జలవర్ణాలకి, ప్రింట్లకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) మించనివ్వరు, నూనెరంగుకి 150 నుంచి 200 ఇవ్వొచ్చు. మూడు నాలుగు నెలలు వేలాడిన కాగితాన్ని తర్వాత కొన్నేళ్లు చీకట్లో పెడతారు. అందుకని ఒకే కాగితం పనులతో మూడు ఊళ్ల యాత్ర అంటే బొమ్మల్ని అప్పిచ్చేవాడు ఒప్పుకోడు. రెండో ఊరికి వేరే కాగితాలు వస్తాయి. 'ఒకే ప్రదర్శన రెండు నగరాల్లో' అని మీ పట్టికలో ఉన్నచోట బొమ్మల జాబితా కూడా ఒకటేనా అని చూసుకోండి.

ఇంకో సగం కారణం కాగితాలు, ఈసారి కస్టమ్స్ కాగితాలు. కళాకృతులకి ఏటీఏ కార్నెట్ అని ఒక పాస్‌పోర్టు లాంటిది ఉంది, ఏడాది చెల్లుతుంది. లెబనాన్, మొరాకో, ట్యునీషియా తీసుకుంటాయి, యూఏఈ 2011 నుంచి తీసుకుంటోంది. చేరని దేశానికి వెళ్లాలంటే ప్రతిసారీ హామీ కట్టి తాత్కాలిక దిగుమతి చేయించాలి. ఆ డబ్బు బొమ్మ తిరిగి గడప దాటేదాకా అక్కడే ఇరుక్కుని ఉంటుంది. ఎదురు దిక్కున, యూరోపియన్ యూనియన్‌లోకి తాత్కాలికంగా వచ్చిన బొమ్మ మామూలుగా 24 నెలల్లో వెళ్లిపోవాలి. అమ్ముడైతే దిగుమతి పన్ను కట్టాలి, ఫ్రాన్సులో 5.5 శాతం, జర్మనీలో 7. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడ. అరబ్బు గ్యాలరీ కార్నెట్ మీద పది బొమ్మలు తెస్తుంది, రెండు అమ్ముడుపోతాయి, ఎనిమిదే వెనక్కి వెళ్తాయి. ఆ రెండిటికి పన్ను కట్టిన రసీదు కార్నెట్‌తో జతచేయకపోతే నెలల తర్వాత నోటీసు వస్తుంది.

పెట్టె చెక్కకీ ముద్ర కావాలి. ముడి చెక్క అయితే నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలి ఉండాలి, గోధుమకంకి గుర్తున్న ముద్ర పడాలి. ప్లైవుడ్‌కి అక్కర్లేదు. పెట్టె అంతా ప్లైవుడ్‌తో చేసి, కింద కాళ్లు మాత్రం ముద్ర లేని ముడి చెక్కతో కొట్టి, రేవులో ఇరుక్కుపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెట్టె చేరగానే విప్పకూడదు, 24 గంటలు గదిలో ఉంచి గది వేడికి అలవాటు పడనివ్వాలి.

బీమా గురించి ఒక్క మాట చెప్పకపోతే మీ జవాబు పూర్తికాదు. 'గోడమేకు నుంచి గోడమేకు దాకా' అని పాలసీలో రాసి ఉంటుంది (నా పేరు అక్కడిదే). కానీ యుద్ధ నష్టం సాధారణంగా ఓడలోనో విమానంలోనో ఉన్నంతసేపే వర్తిస్తుంది. నేల మీద, అంటే గోడకి వేలాడుతున్న మూడు నెలలూ, గోదాములో ఉన్న వారాలూ, యుద్ధం ఆ పాలసీలో లేదు. బెర్లిన్ మ్యూజియం తన 1965 కాన్వాసుని బీరూట్‌కో దమాస్కస్‌కో పంపాలంటే డైరెక్టరు సంతకం పెట్టాల్సింది ఈ వాక్యం కింద. అది ఆసక్తి లేకపోవడం కాదు. పైగా అప్పుతెచ్చుకునే మ్యూజియం తేమ 40 నుంచి 60 శాతం మధ్య, వేడి 16 నుంచి 25 డిగ్రీల మధ్య నిలబెట్టగలనని కాగితాలతో రుజువు చేయాలి. ఇప్పుడు కట్టే మ్యూజియంలో అది కుదురుతుంది గానీ, 18వ శతాబ్దపు సరాయిలో తెరిచిన గుమ్మటం కింద కుదిరే పని కాదు. అలాంటిచోట చిత్రకారుడి సొంత బొమ్మలూ, దగ్గర్లోని సేకర్తలవీ వేలాడతాయి. మీరు 2005 వరసకి ఇది వర్తిస్తుందో లేదో కేటలాగు వెనకపేజీలో అప్పిచ్చినవాళ్ల జాబితా చూసి తేల్చుకోండి. ఆ పేజీని ఎవరూ చదవరు. అసలు కథ అక్కడే ఉంటుంది.

పాతచిట్టా

గోడమేకు గారి చివరి మాటకి ఒక చేర్పు. అప్పిచ్చినవాళ్ల జాబితాలో 'వ్యక్తిగత సేకరణ, బెర్లిన్' అని పదిసార్లు ఉంటే పదిమంది అనుకోకండి, ఒక్క ఇల్లే కావచ్చు. కొలతలు, ఏళ్లు వేరుచేసి రాసుకుంటే తర్వాతి కేటలాగుల్లో అవే బొమ్మలు ఎక్కడికి చేరాయో పట్టుకోవచ్చు. 2010లో దోహాలో మత్‌హఫ్ అనే అరబ్బు ఆధునిక కళ మ్యూజియం తెరిచాక, అదే ఏడు షార్జాలో బర్జీల్ ఆర్ట్ ఫౌండేషన్ మొదలయ్యాక, అరబ్బు ఆధునికుల బొమ్మలు యూరప్ ఇళ్ల నుంచి అటు కదలడం మొదలైంది. బొమ్మ యజమాని ఊరు మారడం కూడా ఒక రాకపోకే.

పట్టికలో ఖాళీ ఏళ్లని కంగారుపడి నింపకండి. బాయా జాబితాలో 1953 తర్వాత సుమారు పదేళ్లు ఖాళీ. సమాచారం దొరక్క కాదు, పెళ్లయ్యాక ఆమె బొమ్మలేయడం ఆగిపోయింది. 1963లో అల్జీర్స్ మ్యూజియం ఆమె పనులు కొని చూపించడంతో మళ్లీ మొదలైంది. అక్కడ 'వివరాలు లేవు' అని రాస్తే తప్పు సమాచారం ఇచ్చినట్టు.

కుంచెపుల్ల

గోడమేకు గారు చెప్పిన కారణాలు ఒప్పుకుంటాను, సగమే. పెద్ద కాన్వాసు వెళ్లకపోవడానికి విమానం తలుపు కారణం కావచ్చు. తొలినాటి బొమ్మల మీద ఆయన బతికిన యూరప్‌లో కూడా ఆసక్తి అంత ఆలస్యంగా పుట్టడానికి విమానం కారణం కాదు కదా. పోర్తోకి బెర్లిన్ నుంచి లారీ వెళ్తుంది.

గోడమేకు

వెళ్తుంది, నిజమే. అది క్యురేటర్ల సంగతి, నాది కాదు.

సిరాబుడ్డి గారూ, రెండు చివరి సూచనలు. ఒకటి, వ్యాసంలో బొమ్మలు అచ్చేస్తుంటే హక్కులు చూసుకోండి. జర్మనీలో కాపీరైటు చిత్రకారుడు పోయాక 70 ఏళ్లు, అంటే మర్వాన్‌కి 2086 ఆఖరు దాకా. మ్యూజియం ఫొటో ఇచ్చిందంటే హక్కు ఇచ్చినట్టు కాదు, అది ఫొటోకి మాత్రమే అనుమతి.

రెండు, బొమ్మ స్థితి నివేదికలు చూసే వీలుంటే చూడండి. ఎక్కడెక్కడ తిరిగిందో బొమ్మ వెనకవైపు చెబుతుంది: రవాణా కంపెనీ చీటీలు, కస్టమ్స్ ముద్రలు, పాత ప్రదర్శన నంబర్లు, కాన్వాసు మార్చి బిగించిన మేకుల రంధ్రాలు. కేటలాగులో లేని ప్రదర్శన చీటీలో దొరుకుతుంది. దెబ్బల్ని కూడా మచ్చగా చూడనక్కర్లేదు. లెబనాన్ చిత్రకారిణి సలోవా రౌదా షుకైర్ బొమ్మ ఒకదానికి లెబనాన్ అంతర్యుద్ధంలో బాంబు పేలి రంధ్రం పడింది, గాజుముక్కలు దిగాయి. 2013లో టేట్ మోడర్న్ ప్రదర్శనలో దాన్ని ఆ రంధ్రంతో, ఆ గాజుతోనే వేలాడదీశారు. అదే 2020 ఆగస్టు 4 బీరూట్ పేలుడులో సుర్సోక్ మ్యూజియంలో చిరిగిన, చిత్రకారుడు వాన్ డాంజెన్ వేసిన బొమ్మని పారిస్ పాంపిదూ కేంద్రానికి పంపి బాగుచేయించారు. ఒకదానికి దెబ్బ ఉంచేశారు, ఒకదానికి మాన్పించారు. ఇలాంటివి పట్టికలో ఎనిమిదో గడిగా పెడతారో, కింద గమనికగా పెడతారో మీ ఇష్టం.

సిరాబుడ్డి

ఎనిమిదో గడి పెడుతున్నాను. శీర్షిక 'వెనకవైపు'.